గోడలు కూడా వద్దన్నాడు

ఆదివారం ఉదయం పది నలభైకి మల్లికను లాకప్ దగ్గరికి పంపారు. ఇచ్చింది పావుగంట.

కటకటాల వెనక అంకుశం నిలబడి ఉన్నాడు. వయసు ఇరవై మూడు. భివండి నిజాంపురాలో ఎనిమిది కంప్యూటర్లు పెట్టి వీడియో గేములు ఆడించేవాడు. శుక్రవారం, 2004 ఆగస్టు ఆరున, హనుమాండ్లు సేటు కార్ఖానాలో కనుకయ్య హత్య జరిగింది. కనుకయ్య అక్కడ జాబర్. సాంచెలు, అంటే మరమగ్గాలు, పాడైతే బాగుచేసేది అతనే. శనివారం సాయంత్రం ఆరింటికి అంకుశాన్ని అరెస్టు చేశారు. ఇవాళ ఆరింటిలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడ రిమాండు పడితే పోలీసులు ఇంకొకరి కోసం వెతకరు.

మల్లిక థానేలో ప్రైవేటు డిటెక్టివ్. పుట్టింది భివండిలో. తండ్రి ఇరవై ఏళ్ళు సాంచెలు నడిపాడు. పదో తరగతి దాకా బడి వదలగానే ఆమె నూలు కండెలు చుట్టేది. నిన్న అంకుశం తల్లి లస్మవ్వ ఫోన్ చేసి "బిడ్డా, మావోడు" అని ఆగిపోయింది. మిగతాది మల్లిక పొద్దున పేపర్లో చదివింది. 'హత్య నేర్పిన ఆట' అని వేశారు.

"శుక్రవారం కార్ఖానకు ఎన్ని గంటలకు పోయినవ్?"

"మూడు ఇరవైకి."

"అంత పక్కా ఎట్ల చెప్తున్నవ్?"

"నాలుగింటికి కల్యాణ్‌ల క్లాసుండె అక్కా. లేటయితదని ఘడిఘడికి వాచ్ చూస్కుంటున్న."

"శుక్రవారం సుట్టి గద. కార్ఖానల ఏం పని నీకు?"

"కనుకయ్య కాక రమ్మన్నడు. నీ ఆట గురించి మాట్లాడాలె, సుట్టి రోజు ఎవ్వరుండరు, రా అన్నడు."

"పోయినంక?"

"షటర్‌కు లోపటి నుంచి గొళ్ళెం ఉన్నది. లోపల ఒక్క సాంచ నడుస్తున్నది. కాక రిపేరు చేసి నడిపి చూస్తున్నడేమో అనుకున్న. షటర్ కొట్టిన. ఆ చప్పుడుల ఏం ఇనవడ్తది?"

"తర్వాత?"

"సాంచ ఆగింది. 'కాకా, నేను అంకుశాన్ని' అని పిలిచిన. జవాబ్ లేదు. ఒక నిమిషమైనంక మళ్ళ నడిచింది. నాతోని మాట్లాడబుద్ధి కాలేదేమో అని ఎళ్ళిపోయిన."

మల్లిక రాసుకుంది. నడిచింది, ఆగింది, నిమిషం, మళ్ళీ నడిచింది.

"ఇది పోలీసులకు చెప్పినవా?"

"చెప్పిన. భీమ్‌రావు సార్ నవ్విండు. ఇది కూడా నీ ఆటల రాస్కున్నవా అన్నడు."

"ఆట సంగతి చెప్పు. నాకు కంప్యూటర్ల జ్ఞానం లేదనుకోని చెప్పు."

అంకుశం కటకటాలు పట్టుకున్నాడు. అడిగినవాటిలో అతను ఉత్సాహంగా చెప్పింది ఇదొక్కటే. తుపాకులతో కాల్చుకునే ఆట ఒకటి ఉంది. ఆ ఆట డిస్కులోనే కొత్త జాగాలు కట్టుకునే సాఫ్ట్‌వేర్ కూడా వస్తుంది. దానితో హనుమాండ్లు సేటు కార్ఖానాను కట్టాడు. ఇరవైనాలుగు సాంచెలు, ప్రతి సాంచె దగ్గర ఒక మనిషి.

"గోడలు ఎట్ల గీసినవ్?"

"గియ్యలేదు. దోస్తు దగ్గర డిజిటల్ కెమెరా తెచ్చి నాలుగు గోడలు ఫోటోలు తీసిన. ఆ ఫోటోలనే ఆటల గోడలకు అంటించిన. ఇప్పుడు పెద్ద కంపెనీలు కూడా గట్లనే చేస్తున్నయి. ఫోటోలు తీసింది ఏప్రిల్ పదహారు, శుక్రవారం. కాకనే తాళం తీసిండు."

"సేటుకు తెల్సా?"

"మొన్న ముప్పై ఒకటో తారీకు దాక తెల్వదు. ఎవరో చెప్తే వచ్చి చూసిండు. సోమవారం సమితోళ్ళను, పోలీసులను తీస్కొచ్చిండు."

సంస్కార సమితికి హనుమాండ్లే అధ్యక్షుడు. పిల్లలు మనుషుల్ని కాల్చడం నేర్చుకుంటున్నారని, ఆటను నిషేధించాలని అర్జీ పెట్టాడు. అది మల్లిక చదివింది. అందులో తప్పు పట్టేదేం కనిపించలేదు.

"నువ్వేమన్నవ్?"

"బతిమాలిన అక్కా. తుపాకులు తీసేస్త, రక్తం తీసేస్త, కార్ఖానల దాగుడుమూతలాట చేస్త అన్న. వద్దన్నడు."

"మరేం కావాలన్నడు?"

"గోడలు కూడా వద్దన్నడు."

మల్లిక పెన్ను ఆగింది.

"కుర్సీ ఏస్కోని కూసున్నడు. ఎనిమిది డబ్బాలల్ల ఆట మొత్తం చెరిపేసేదాక లేవలేదు. డిస్కులన్ని చౌరస్తాల కాల్పిచ్చిండు."

కానిస్టేబులు వచ్చి గడియారం చూపించాడు. మల్లిక లేచింది.

"ఆఖరిది. నీకు సాంచ నడప వస్తదా?"

అంకుశం ముఖంలో మొదటిసారి నవ్వు వచ్చింది. "నాకా? అమ్మ నాడె ముట్టనియ్యలే. ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్త అన్నది."

*

పన్నెండున్నరకు మల్లిక లస్మవ్వ గది ముందు ఆగింది. చూరుకు దారంతో మూడు డిస్కులు వేలాడుతున్నాయి. గాలికి తిరుగుతున్నాయి.

"ఇవేంది అవ్వా?"

"పావురాలు బియ్యం మీద వాల్తున్నయి బిడ్డా. ఇవి మెరుస్తుంటే రావు. మావోడు పనికిరావని పారేస్తే కట్టిన."

లస్మవ్వ హనుమాండ్లు కార్ఖానాలోనే కండెలు చుడుతుంది. నిన్న సాయంత్రం నుంచి పొయ్యి వెలిగించినట్టు లేదు. మల్లిక స్టూలెక్కి ఒక డిస్కు తెంపి కొంగుతో తుడిచింది. మీద స్కెచ్ పెన్నుతో 'కార్ఖానా, టెస్ట్ 4' అని ఉంది. బ్యాగులో వేసుకుంది.

"గిది మావోణ్ణి ఇడిపిస్తదా?"

"చూడాలె అవ్వా. ఇంకేమన్న అడుగుతే ఇయ్యకు, ఎవ్వరికీ."

ఆ మాట మల్లికే గంటన్నర తర్వాత మర్చిపోయింది.

*

రెండు పదికి ఎస్సై భీమ్‌రావు కార్ఖానా సీలు తెంచాడు. భీమ్‌రావు తల్లిదండ్రులది కరీంనగర్ వైపు. మల్లికా అతనూ ఒకే బడి, ఒకే బెంచీ.

"థానే డిటెక్టివ్‌కు భివండిల పని దొరికిందన్నట్టు," అన్నాడు.

"ఐదో తరగతిల నా స్లేటు చూసి రాసేటోనివి. ఈ కేసు ఎవరి స్లేటు చూసి రాసినవ్?"

హనుమాండ్లు వాళ్ళ వెనకే వచ్చాడు. అరవై ఏళ్ళు. భివండికి వచ్చినప్పుడు ఒకరి దగ్గర రెండు సాంచెలు నడిపేవాడు. ఇప్పుడు ఇరవైనాలుగు సొంతం. శవాన్ని మొదట చూసింది ఆయనే, శుక్రవారం సాయంత్రం ఆరింటికి. తన తాళంచెవితో షటర్ తీశానని రాసిచ్చాడు.

"మల్లవ్వా, మీ నాయిన నాకు బాగ ఎరికె," అన్నాడు. "మంచి పనోడు."

"మీ గురించి ఆయన గట్లనే చెప్తుండె కాకా."

తొమ్మిదో నంబరు సాంచె వెనక నేల మీద సుద్దగీత ఉంది. కనుకయ్య అక్కడ పడి ఉన్నాడు. పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను కొట్టే కర్ర ఒకటి విడిగా ఉంటే దానితో తలమీద కొట్టారు. మూడు, నాలుగు మధ్య చనిపోయాడని డాక్టరు రాశాడు. మూడూ ఇరవై అయిదుకు అంకుశం షటర్ దగ్గర ఉన్నట్టు చూసినవాళ్ళు ఉన్నారు.

"చూసినవా?" అన్నాడు భీమ్‌రావు. "ఆటల తొమ్మిదో సాంచ ఎనక మనిషిని కాల్చేది. ఈడ అదే సాంచ ఎనక శవం. ముందుగాల బొమ్మల రిహార్సల్, తర్వాత అసలు."

"ఆటల ఇరవైనాలుగు సాంచెల దగ్గర ఇరవైనలుగురు ఉన్నరు. శవం ఏడ పడ్డా నీ రిహార్సల్ సరిపోతది."

"గందుకే గద ఆటను బంద్ వెట్టింది."

"ఏ చట్టం కింద పెట్టినవ్? సినిమాకు సెన్సార్ ఉన్నది. నాటకానికి ఉన్నది. కంప్యూటర్ ఆటకు ఈ దేశంల ఇంక లేదు. ఎవరు చూసిండ్రు, ఎవరు కోసెయ్యమన్నరు, ఎవరు సంతకం పెట్టిండ్రు?"

"జనం అడిగిండ్రు. రోడ్డు మీదికొచ్చిండ్రు. లొల్లి కాకుండ చూసుడు నా పని."

"గందుకని సాక్ష్యం కాల్చినవ్."

"ఆట సాక్ష్యమైతే నాకే మంచిది. నీకేం పనికొస్తది? ఒక్క డిస్కు మిగల్లేదు."

"మిగిలింది," అంది మల్లిక. బ్యాగు మీద చెయ్యి వేసింది. "లస్మవ్వ పావురాలను బెదిరియ్యనీకి కట్టింది. ఇంకా రెండు చూరుకే ఉన్నయి."

భీమ్‌రావు నవ్వాడు. హనుమాండ్లు నవ్వలేదు. మల్లిక ఆయన వైపు చూసింది. అన్న మాట వెనక్కి తీసుకునే వీలు లేదు. ఆమె వంగి తొమ్మిదో నంబరు బట్ట చూడటం మొదలుపెట్టింది.

పాళీ, అంటే షిఫ్టు, దిగేటప్పుడు నేసేవాడు బట్ట మీద తన గుర్తు వేస్తాడు. తన నేత ఎక్కడ ఆగింది, ఎదుటి పాళీవాడిది ఎక్కడ మొదలైంది తెలియడానికి. శుక్రవారం ఉదయం ఎనిమిదికి పాళీ దిగినవాడు నీలం పెన్సిలుతో మూడు గీతలు వేశాడు. పక్క సాంచెల మీద గుర్తు దగ్గరే నేత ఆగి ఉంది. తొమ్మిది మీద గుర్తు దాటి బట్ట ఉంది.

మల్లిక టేపు పెట్టింది. ఇరవై ఒక్క అంగుళాలు.

ఈ సాంచె నిమిషానికి నూటయాభై పేక పోగులు వేస్తుంది. ఈ బట్టకు అంగుళానికి యాభై పోగులు. నిమిషానికి మూడు అంగుళాలు. సెలవు రోజు తొమ్మిదో నంబరు ఏడు నిమిషాలు నడిచింది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని బట్ట కిందికి టార్చి వేసింది. గుర్తు నుంచి ఆరు అంగుళాల దగ్గర, అంచు కింద, కొత్త పేక కొస ఒకటి వేలెడు పొడవు వేలాడుతోంది. అక్కడ పేక తెగింది. తెగితే ఈ సాంచె దానంతటదే ఆగుతుంది. ఎవరో నాడెలో కండె మార్చి మళ్ళీ నడిపించారు. రెండు నిమిషాలు, ఆగడం, ఐదు నిమిషాలు. అంకుశం షటర్ బయట విన్నది ఇదే.

ఆమె లేచి అదే చోటు పైనుంచి చూసింది. ఏమీ లేదు. పని రానివాడు ఆగిన సాంచెను మళ్ళీ నడిపిస్తే బట్ట మీద అడ్డంగా గీత పడుతుంది. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పాలి. తెగిన సగం పోగు తీసేయాలి. పడుగు ఎక్కడ విడిపోయి ఉందో అక్కడే కొత్త పేక కలపాలి. ఇక్కడ అదంతా చేశారు, నిమిషంలో. కాళ్ళ దగ్గర మనిషి చనిపోతుండగా.

భీమ్‌రావు షటర్ దగ్గర ఫోనులో మాట్లాడుతున్నాడు. హనుమాండ్లు సాంచెకు అవతల నిలబడి ఉన్నాడు.

"శుక్రవారం ఈ సాంచ నడిచింది కాకా," అంది మల్లిక. "కనుకయ్య అరుపు ఇనవడకుండ. సుట్టి రోజు జాబర్ సాంచ నడిపిస్తే ఎవ్వరు పట్టించుకోరు."

"అయి ఉంటది."

"నడుమ ఒకసారి ఆగింది. మళ్ళ నడిపినోనికి పని రాదు. పాడు చేసిండు. గీత పడ్డది."

"గీతనా?" హనుమాండ్లు ముందుకు వంగాడు. "ఏడున్నది గీత?"

ఆయన బొటనవేలు బట్ట మీద ఆనింది. గుర్తు నుంచి ఆరు అంగుళాల దగ్గర. అటూ ఇటూ వెతకలేదు. వేలు అడ్డంగా ఒకసారి జరిపాడు.

"చూడు. ఉన్నదా? దీనికి వంక పెట్టేటోడు భివండిల లేడు."

తర్వాత వేలు తీశాడు. మల్లిక టేపు చుట్టుకుంది.

"లేదు కాకా," అంది. "నేనే తప్పు చూసిన."

భీమ్‌రావు తిరిగి వచ్చాడు. హనుమాండ్లు అతనితో మామూలుగానే మాట్లాడాడు. పనివాళ్ళు రెండు రోజులుగా ఊరికే కూర్చున్నారని, పోలీసులు ఫోటోలు తీసుకున్నారు కనక కార్ఖానా తెరవనివ్వమని అడిగాడు.

"తొమ్మిదో నంబర్ ముట్టొద్దు," అంది మల్లిక భీమ్‌రావుతో.

"ఇన్నరు గద సేట్. తొమ్మిది ఇడిచిపెట్టి ఇరవైమూడు నడుపుకోండ్రి."

*

నాలుగున్నరకు పోలీస్ స్టేషన్ సామాన్ల గదిలో, పట్టుకొచ్చిన ఎనిమిది కంప్యూటర్లలో ఒకదానికి భీమ్‌రావు వైర్లు కలిపాడు. జీపులో మల్లిక చెప్పిందంతా విన్నాడు.

"బొటనవేలా? మేజిస్ట్రేటుకు బొటనవేలు చూపియ్యన్నా?"

"బట్ట చూపియ్యి. అంకుశానికి కండె మార్చ రాదు."

"రానట్టు యాక్టింగ్ చేస్తడు. వాడు కాకుంటే పని వచ్చినోళ్ళు భివండిల వేలమంది. సేటు తన జాబర్‌ను ఎందుకు చంపుతడు? కారణం చెప్పు."

"గది నాకూ తెల్వదు. గోడలల్ల ఉన్నది. నడిపియ్."

డిస్కు గీతలు పడి ఉంది. రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆట తెరుచుకుంది. భీమ్‌రావు కీబోర్డు తన వైపు లాక్కుని షటర్ దాటి, సాంచెల మధ్య నుంచి తిన్నగా తొమ్మిదో నంబరు దగ్గరికి పోయాడు. దారిలో ఇద్దరిని కాల్చాడు.

"చెయ్యి బాగనే తిరిగింది," అంది మల్లిక.

"దర్యాప్తు."

"ఎన్ని రోజులు చేసినవ్?"

అతను కీబోర్డు ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

"ఎనకకు తిరుగు. ఎనక గోడ."

తెర మీద గోడ తిరిగింది. ఏప్రిల్ పదహారున తీసిన ఫోటో. కిందివైపు పడుగు చుట్టే భీములు ఆనించి ఉన్నాయి. వాటి వెనక అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"ఇయ్యాల ఈ గోడకు పెట్టెలు లేవు," అంది మల్లిక.

"నూలు పెట్టెలు. ఏ కార్ఖానల లేవు?"

"ఇంకొంచెం దగ్గరికి."

అతను నడిచాడు. పెట్టెలు తెర నిండా వచ్చాయి. ప్రతి పెట్టె మీదా ఒక కాగితం అంటించి ఉంది. అక్షరాలు మసగ్గా ఉన్నాయి. అంకెలు పెద్దవి. లాట్ నంబరు 4471. దాని కింద గోదాము ముద్ర, అందులో పూర్ణ అన్న మాట.

భీమ్‌రావు కీబోర్డు మీది చేతులు తీశాడు. అల్మారా తెరిచి ఒక ఫైలు తెచ్చాడు. తెరవకుండానే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏప్రిల్ పద్నాలుగు," అన్నాడు. "పూర్ణ గోదాం నుంచి లారీ నూలు పోయింది. కాపలా మనిషి తలకాయ పగిలి మూడు రోజులకు సచ్చిపోయిండు. లాట్ 4471. నాలుగు నెలల సంది నేనే ఎతుకుతున్న."

"ఈ గోడ ముందల నిలబడి ఎంతమంది కాల్చుకున్నరో. ఎవ్వరు చదువలే."

"నేను కూడా," అన్నాడు భీమ్‌రావు.

"కనుకయ్య చదివిండు. గోడలు కూడా వద్దంటే, గోడల మీద ఏమున్నదో అని గుర్తుకు తెచ్చుకున్నడు. గందుకే అంకుశాన్ని పిలిచిండు. అది సేటుకు తెల్సి ముందుగాలనే వచ్చిండు."

టైము అయిదు ఎనిమిది. అంకుశాన్ని కోర్టుకు తీసుకుపోవడానికి బయట వ్యాన్ తయారుగా ఉంది. భీమ్‌రావు వెళ్ళి దాన్ని ఆపించాడు. తిరిగి వచ్చి మొబైలు తీశాడు.

"అనుమానం రాకుండ మాట్లాడు," అంది మల్లిక. "స్పీకర్ పెట్టు."

నాలుగు రింగులకు హనుమాండ్లు ఎత్తాడు. వెనక సాంచె చప్పుడు.

"సేట్, నేను భీమ్‌రావును. కార్ఖాన మొదలైందా?"

"ఆఁ, తెరిచిన. పనోళ్ళను రేపు పొద్దుగాల రమ్మన్న. జాబర్ లేడు గద, నేనే చూస్కుంటున్న."

మల్లిక ఫోను దగ్గరికి వంగింది. ఇరవైమూడు కాదు, పది కాదు. ఒక్క సాంచె.

"ఒక్కరే ఉన్నరా సేట్?"

"లస్మవ్వను పిలిపిచ్చిన. పాపం, కొడుకు సంగతి నీతోని మాట్లాడ్త అన్న. చూరుకున్న డిస్కులు రెండూ తెమ్మన్న, నీకిద్దమని. తెచ్చింది."

భీమ్‌రావు మల్లిక వైపు చూశాడు. ఆమె అప్పటికే తలుపు దగ్గర ఉంది.

"సేట్, ఆమెకు ఒకసారి ఫోనియ్యి. సంతకం గురించి అడగాలె."

"ఏంది? ఇనవడ్తలేదు. సాంచ చప్పుడు," అన్నాడు హనుమాండ్లు. ఫోను ఎక్కడో పెట్టిన శబ్దం వచ్చింది. లైను కట్ కాలేదు.

జీపు గేటు దాటేసరికి అయిదు పన్నెండు. ఫోను మల్లిక చేతిలో ఉంది. అందులో సాంచె ఆడుతూనే ఉంది. ఆమె వాచీ చూసుకుంది. నిజాంపురాలో ఆ గల్లీకి ఎంత తోలినా ఎనిమిది నిమిషాలు. శుక్రవారం తొమ్మిదో నంబరు నడిచింది మొత్తం ఏడు.